సైకిల్ సందేహాలు: లేహ్ యాత్రకు ముందు జట్టు సాధన

ప్రశ్న: ఎనిమిది మందిమి జులైలో మనాలి నుంచి లేహ్‌కు సైకిళ్ల మీద వెళ్తున్నాం. సామాను మేమే మోసుకుంటాం. అంతకుముందు హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండలకు ఒకసారి కలిసి వెళ్దామనుకుంటున్నాం. ఒక్క రోజులో వెళ్లి వచ్చేస్తే సరిపోతుందా?
— మెహదీపట్నం

జవాబు: రెండు రోజులు పెట్టుకోండి. లంగర్‌హౌస్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాద్ మీదుగా అనంతగిరికి సుమారు 75 కి.మీ. రానూపోనూ ఒక్క రోజులో తొక్కగలవాళ్లు మీలో ఉండే ఉంటారు. కానీ లేహ్ దారిలో అసలు కష్టం రెండో రోజు పొద్దున మొదలవుతుంది. నిన్నటి అలసట తీరని కాళ్లతో, రాసుకుపోయిన తొడలతో మళ్లీ సీటెక్కాలి. సాధనలో చూసుకోవాల్సింది అదే. శనివారం వెళ్లి రాత్రి అక్కడే ఉండండి. ఆదివారం తెల్లవారగానే ఘాట్ రోడ్డును రెండుమూడు సార్లు ఎక్కి దిగి, తర్వాత ఇంటిదారి పట్టండి.

లేహ్‌కు ఏం తీసుకెళ్తారో అంతా ఇప్పుడే క్యారియర్‌కు కట్టండి. సామాను ఇంకా కొననివాళ్లు అంతే బరువుకు బియ్యం ప్యాకెట్లు వేసుకోండి. 12 కిలోలు వెనక ఉంటే మలుపులో సైకిల్ వేరేలా వంగుతుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది, సీటు మీద నుంచి లేచి తొక్కితే వెనకభాగం ఊగుతుంది. ఇవన్నీ రోహ్‌తాంగ్ కనుమ దిగేటప్పుడు మొదటిసారి తెలియడం మంచిది కాదు.

ప్రయాణానికి మూడు వారాల ముందే ఇది పూర్తిచేయండి. మోకాలి నొప్పో, అరచేతుల తిమ్మిరో బయటపడితే సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది. ఇంకో మాట. చేవెళ్ల దారిలో మర్రిచెట్ల నీడ ఎంత హాయిగా ఉన్నా, ఎండా నీడా కలిసిన చోట గుంతలు కంటికి ఆనవు. ముందున్నవాళ్లు చేత్తో చూపించి, గట్టిగా అరిచి చెప్పాలి.

ప్రశ్న: మాలో ఇద్దరు చాలా వేగంగా వెళ్తారు, ఇద్దరు బాగా వెనకబడతారు. అందరం కలిసి వెళ్లడం ఎలా?
— కొండాపూర్

జవాబు: నలుగురేసి రెండు జట్లుగా విడిపోండి. జట్ల మధ్య 200 మీటర్ల ఖాళీ ఉంచితే, లారీ ఒక జట్టును దాటి మళ్లీ ఎడమకు సర్దుకోవడానికి చోటుంటుంది. ఎనిమిది మంది ఒకే వరుసలో ఉంటే డ్రైవర్ మధ్యలోకి చొచ్చుకొస్తాడు.

వేగం నిర్ణయించాల్సింది అందరికంటే నిదానంగా తొక్కేవాళ్లే. అందుకని వాళ్లను చివర వదిలేయకండి. రెండో స్థానంలో పెట్టండి, ముందున్నవారి వెనక ఎదురుగాలి తగ్గుతుంది. చివరి స్థానం బలంగా తొక్కే, పంక్చర్ వేయడం వచ్చిన మనిషిది. ఎక్కుడులో మాత్రం ఎవరి వేగం వారిది. నెమ్మదిగా తొక్కేవారితో సమంగా పోవాలని పట్టుబడితే ఇద్దరూ అలసిపోతారు. ఘాట్ పైన ఫలానా చోట ఆగాలని ముందే చెప్పుకోండి, ఆఖరి మనిషి వచ్చి పది నిమిషాలు కూర్చున్నాకే కదలండి. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, వెనకవాళ్లు రాగానే బయలుదేరడం. విశ్రాంతి ఎక్కువ కావలసినవాళ్లకే అది దక్కదు.

పడిపోవడాలకు పెద్ద కారణం చక్రాలు పక్కపక్కకు రావడం. ముందు సైకిల్ వెనక చక్రం పక్కకు మీ ముందు చక్రం చేరిందనుకోండి. ఆయన గుంత తప్పించడానికి కాస్త జరిగినా చక్రాలు రాసుకుంటాయి, పడేది వెనకవారే. కొత్తవాళ్లు ఒక సైకిల్ పొడవు దూరం ఉంచాలి. ముందు స్థానం మార్చుకోవడం కూడా లారీల మధ్య వద్దు, ఆగినప్పుడు మార్చుకోండి.

ప్రశ్న: సామాను వేస్తే వెనక చక్రం స్పోకులు తెగుతున్నాయి. ఏం చేయాలి?
— వికారాబాద్

జవాబు: చక్రం ఒక్కసారి తిరిగేసరికి ప్రతి స్పోకు నేలవైపు వచ్చినప్పుడు వదులై, పైకి పోతూ మళ్లీ బిగుస్తుంది. బిగువు సమంగా లేకపోతే వదులుగా ఉన్నవి మరీ ఎక్కువగా ఆడి, హబ్ (చక్రం నడిమి ఇరుసు భాగం) దగ్గర వంపులో అలసి తెగుతాయి. వెనక చక్రం మీదే బరువు ఎక్కువ కాబట్టి అక్కడే తెగడం ఎక్కువ.

మెకానిక్‌కు "బెండు తీయండి" అని మాత్రమే చెప్పకండి. ఒక్కో వైపు స్పోకులన్నిటికీ బిగువు సమం చేయమని అడగండి. రిమ్ము వంకర లేకపోయినా బిగువులో తేడాలు ఉండవచ్చు. ఒకే వైపు పక్కపక్క స్పోకులు రెండు వేళ్లతో నొక్కి చూస్తే వదులువి మీకే తెలుస్తాయి. 150 కి.మీ. సాధనలో వరుసగా రెండు తెగితే, మిగతావీ అలసిపోయాయనే అర్థం. ఒక్కొక్కటి మార్చుకుంటూ పోకుండా ఆ చక్రానికి మొత్తం కొత్త స్పోకులు, వీలైతే 36 స్పోకుల రిమ్ము, దానికి సరిపోయే హబ్, వేయించండి.

ముందు చక్రానికి, వెనక కుడికి, వెనక ఎడమకు పొడవులు వేరు. ఒక్కో రకం రెండేసి తీసుకెళ్లండి. వెనక కుడివైపుది మార్చాలంటే గేర్ల క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) విప్పాలి, ఆ పనిముట్టు జట్టులో ఒకరి దగ్గర ఉండాలి. దారిలో తెగితే ముక్కను పక్క స్పోకుకు చుట్టి, రిమ్ము బ్రేకును కొంచెం వదులుచేసి, వెనక బరువు తోటివాళ్లకు పంచి నిదానంగా పోవచ్చు.

ప్రశ్న: అనంతగిరి ఘాట్ నాలుగుసార్లు ఆపకుండా ఎక్కాను. లేహ్‌కు సిద్ధమైనట్టేనా?
— శేరిలింగంపల్లి

జవాబు: కాళ్లు సిద్ధం. ఊపిరి సంగతి వేరు. లేహ్ దారిలోని టంగ్‌లాంగ్ లా కనుమ 5,300 మీటర్ల పైన ఉంది, అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. హైదరాబాద్‌లో ఎంత తొక్కినా ఒంటికి ఆ ఎత్తు అలవాటు కాదు. అది దారిలోనే, నిదానంగా జరగాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుండా చూసుకోండి, మూడు నాలుగు రోజులకొక రోజు ఆగండి. దారిలోని మజిలీల్లో జిస్పా నుంచి సర్చూకు ఒకే రోజులో 1,000 మీటర్లు పెరుగుతుంది కాబట్టి కీలాంగ్‌లోనో జిస్పాలోనో అదనంగా ఒక రాత్రి ఉండి, మధ్యలో పట్సియోలో ఆగడం మేలు. తలనొప్పితో పాటు వాంతులుంటే ఇంక ఎక్కకండి. తగ్గకపోయినా, నడక తడబడినా వెంటనే కిందికి దిగాలి. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది ఇంటి దగ్గరే డాక్టరును అడిగి తేల్చుకోండి.

గేర్లు కూడా చూసుకోండి. ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు ఉంటే అనంతగిరికి చాలు. సామానుతో, ఆ పలచని గాలిలో చాలదు. ముందు 26 లేదా అంతకంటే చిన్న పళ్లచక్రం కావాలి.

ప్రశ్న: ఎండలో తొక్కేటప్పుడు నీళ్లు ఎంత తాగాలి?
— తాండూరు

జవాబు: గంటకు సుమారు 500 నుంచి 750 మి.లీ., కొంచెం కొంచెంగా. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరులోనే కలపాలి. చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. నాలుగు గంటలు వట్టి నీళ్లే ఎక్కువగా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది. మొదటి గంట నుంచే గంటకొక అరటిపండు, ఒక పల్లీపట్టీ తినండి. ఆకలయ్యే దాకా ఆగితే ఘాట్ మొదట్లోనే కాళ్లు ఆడవు.