సిగరెట్ ఎంపికలపై అధ్యయనానికి పూనుకున్న మేనకోడలికి

బెంగళూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ప్రశ్నావళి ముసాయిదా రెండుసార్లు చదివాను. పొగ తాగేవారు ఫలానా సిగరెట్‌నే ఎందుకు ఎంచుకుంటారో తెలుసుకోవడానికి ఇరవై రెండు ప్రశ్నలు రాశావు. వాటిలో సగానికి పైగా "ఎందుకు" అనే మాట చుట్టూనే తిరుగుతున్నాయి. ముప్పై ఏళ్లు మార్కెట్ సర్వేలలో గడిపినవాడిగా చెబుతున్నాను, వాటన్నిటికీ నీకు దొరికే జవాబు ఒక్కటే: "టేస్ట్ బాగుంటుందండీ."

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే పొరపాటు చేశాను. రుచి కోసమే తమ బ్రాండును వదలడం లేదని చెప్పినవారికి, పేరు కనిపించకుండా కాగితపు పట్టీ చుట్టిన సిగరెట్లు ఇచ్చి, వాటిలో మీది ఏదో గుర్తు పట్టండని అడిగాము. చాలామంది తడబడ్డారు. ఒక పెద్దమనిషి తాను పదేళ్లుగా తాగుతున్న సిగరెట్‌నే "ఇది నాసిరకం" అని పక్కన పెట్టేశారు. ఆయన అబద్ధమాడలేదు, తన ఎంపికకు కారణం తనకే తెలియదు, అంతే. జవాబు చెప్పించడం కోసం మనుషుల చేతికి సిగరెట్ ఇచ్చిన ఆ పనిని ఈనాడు నేను చేయను, నువ్వూ చేయవద్దు.

అందువల్ల ప్రశ్నావళిని వారం రోజులు పక్కన పెట్టి, మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో మన పిల్లలు ఉండే పీజీల సందు మొదట్లోని ఒక కాండిమెంట్స్ (చిల్లర సరుకుల) దుకాణం దగ్గర టీ తాగుతూ నిలబడు. ఉదయం ఆఫీసు బస్సు వేళ ఒకసారి, భోజనాల తరువాత ఒకసారి, రాత్రి పది గంటలకు ఒకసారి చూస్తే, చాలామంది పెట్టె కొనడం లేదనీ, ఒకటో రెండో లూజుగా తీసుకుని, తాడుకు వేలాడే లైటర్‌తో అక్కడే వెలిగించుకుంటున్నారనీ నీకే తెలుస్తుంది. కర్ణాటకలో లూజు సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించారు కాబట్టి దుకాణదారుడు దీని గురించి నీతో మాట్లాడడానికి జంకుతాడు. అతని పేరు గానీ దుకాణం గుర్తు గానీ ఎక్కడా రాయనని ముందే చెప్పు, ఆ మాట నిలబెట్టుకో.

నీ అధ్యయనం అంతా ఈ ఒక్క విషయం మీద నిలబడాలని నా అభిప్రాయం. ఎంపిక పెట్టె దగ్గర కాదు, ఒక్క సిగరెట్ దగ్గర జరుగుతోంది. 2016 ఏప్రిల్ నుంచి మన దేశంలో పెట్టెకు రెండు వైపులా 85 శాతం స్థలంలో బొమ్మతో కూడిన హెచ్చరిక ఉంటోంది; కానీ లూజుగా కొనేవాడి చేతికి ఆ పెట్టె రానే రాదు. ఆస్ట్రేలియాలో 2012 చివరి నుంచి అన్ని బ్రాండ్లకూ ఒకే రంగు పెట్టె అమలులోకి వచ్చాక అక్కడ వెలువడిన పరిశోధనల నమూనాను యథాతథంగా తెచ్చి ఇక్కడ పెడితే, మన కొనుగోలుదారు చూడని వస్తువు గురించి అతన్ని ప్రశ్నించినట్లవుతుంది. పెట్టె బొమ్మలు చూపించదలిస్తే, పెట్టె కొనేవారినీ లూజుగా కొనేవారినీ వేర్వేరు వర్గాలుగా విడదీసి చూపించు.

ధర విషయంలోనూ అంతే. పెట్టె ధర రెండు శాతం పెరిగిందా మూడు శాతం పెరిగిందా అన్నది లూజు కొనేవాడికి పట్టదు. దుకాణదారుడు చిల్లర లేదని ఒక్కసారిగా రూపాయి పెంచిన రోజున మాత్రం అతనికి తెలుస్తుంది. దీనికి తోడు మన దేశంలో సిగరెట్ మీద పన్నును పొడవును బట్టి, ఫిల్టర్ ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి విధిస్తూ వచ్చారు. అందుకే తక్కువ పన్ను పడే 65 మిల్లీమీటర్ల గీతకు లోపల ఇమిడే పొట్టి ఫిల్టర్ సిగరెట్లు బజారులోకి వచ్చాయి. పన్ను పెరిగినప్పుడు పొడవైన "కింగ్స్" తాగేవాడు మానేయకుండా పొట్టి "స్మాల్"కు దిగిపోవచ్చు. ఆ మెట్టు దిగడాన్ని నువ్వు నమోదు చేయకపోతే, ధర ప్రభావం లేదని తప్పుగా తేలుస్తావు.

ఇక పద్ధతి. "ఎందుకు" అని అడగడం మాని, రెండు మూడు సిగరెట్లను వాటి లక్షణాలతో కార్డుల మీద పక్కపక్కన చూపించి, వీటిలో ఏది కొంటారని అడుగు. ఈ రకమైన ఎంపికల విశ్లేషణకు సిద్ధాంతమూ పద్ధతులూ సమకూర్చినందుకే డేనియల్ మెక్‌ఫాడెన్‌కు 2000లో అర్థశాస్త్ర నోబెల్ లభించింది. నువ్వు తొమ్మిది లక్షణాలు పెట్టావు. నిలబడి, టీ చల్లారేలోగా జవాబు చెప్పేవాడికి నాలుగు చాలు, మహా అయితే అయిదు: ఒక్కదాని ధర, పొడవు, మెంథాల్ లేదా ఫిల్టర్‌లో నొక్కితే చిట్లే రుచి క్యాప్సూల్ ఉన్నదా, బ్రాండ్, హెచ్చరిక. అన్నిటికంటే తక్కువ ధరకు అన్నిటికంటే పొడవైన సిగరెట్ వంటి బజారులో దొరకని కలయికలను తీసివేయి, వాటిని చూడగానే మనుషులు ఆటగా తీసుకుంటారు. ప్రతి కార్డులోనూ "ఏదీ కొనను" అనే గడి తప్పనిసరి. అది లేని ప్రయోగం, మానేయాలన్న ఆలోచన ఉన్నవాడి చేత కూడా బలవంతంగా సిగరెట్ కొనిపిస్తుంది. "మీ బ్రాండ్ అయిపోయింది, ఏం చేస్తారు?" అనే కార్డు ఒకటి చేర్చు. నిజానికి దుకాణంలో చాలా ఎంపికలను చేసేది దుకాణదారుడే.

తేలిక రకం సిగరెట్లను పిలిచే "లైట్స్" అనే మాట దగ్గర కొంచెం నిదానించు. పెట్టె మీద ఏమున్నా, దుకాణంలో సిగరెట్ అడిగేవాడి నోట ఆ మాట ఉంది, దానితో పాటు హాని తక్కువన్న నమ్మకమూ ఉంది. ఫిల్టర్ చుట్టూ కంటికి ఆనని సన్నని రంధ్రాలు పెట్టడం వల్ల, పొగను కొలిచే పరీక్ష యంత్రం పీల్చినప్పుడు గాలి కలిసి తారు తక్కువగా కొలతకు వస్తుంది. మనిషి మాత్రం ఆ రంధ్రాలను వేళ్లతోనో పెదవులతోనో మూసేసి, మరింత లోతుగా, మరిన్నిసార్లు పీల్చి తనకు కావలసిన నికోటిన్ రాబట్టుకుంటాడు. కాబట్టి ముందుగా హాని గురించిన నమ్మకాన్ని విడిగా అడుగు, తరువాత కార్డులు చూపించు. వరుస తారుమారైతే నీ ప్రశ్నే అతనికి జవాబు నేర్పుతుంది. అలాగే, నిద్ర లేచిన ఎన్ని నిమిషాలకు మొదటి సిగరెట్ వెలిగిస్తారన్న ప్రశ్నను వదలవద్దు. అయిదు నిమిషాలలోపు వెలిగించేవాడూ, శుక్రవారం రాత్రి స్నేహితులతో మాత్రమే తాగేవాడూ ఒకే ధరకు ఒకేలా స్పందించరు.

మరో మాట. సిగరెట్ ఒక్కదానికే పరిమితమైతే సగం చిత్రమే చూస్తావు. 2016-17 జాతీయ సర్వేలో దేశంలోని పెద్దవారిలో బీడీ తాగేవారు 7.7 శాతం, సిగరెట్ తాగేవారు 4 శాతం. అనంతపురం, కర్నూలు వైపు నుంచి ఇక్కడ భవన నిర్మాణానికి వచ్చిన మనవాళ్లలో జీతం రోజు సిగరెట్టూ, వారం చివర బీడీ తాగేవారిని నేను చూశాను. మీ తాతయ్య సంగతి నీకు తెలియదనుకుంటాను. ప్రకాశం జిల్లాలో బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) కాల్చి, వర్జీనియా ఆకును రంగు చూసి, చేత్తో నలిపి గ్రేడు చెప్పగలిగిన ఆయన, ఆ ఆకుతో చేసిన సిగరెట్ ఏనాడూ తాగలేదు. చివరిదాకా నాటు పొగాకు చుట్టే. ఆయన్ని ఎందుకని అడిగితే, ఆయన కూడా రుచి అనే చెప్పేవారు!

ఇప్పుడు కర్ణాటకలో అమ్మకపు వయస్సును 21కి పెంచారు కనుక, 21 దాటినవారినే తీసుకో. కళాశాల గేట్ల దగ్గర నిలబడవద్దు. జవాబు చెప్పినందుకు టీ ఇప్పించు, ఫోన్ రీఛార్జి చేయించు, కానీ సిగరెట్ కొనగలిగే నగదు ఇవ్వవద్దు. పొగాకు కంపెనీ డబ్బు ఏ ముసుగులో వచ్చినా తీసుకోవద్దు. ఏ లక్షణం ఎవరిని ఆకర్షిస్తుందన్న లెక్క వాళ్లకు కూడా పనికివస్తుంది. ఎవరైనా మానేస్తానంటే వాదించకుండా పొగాకు మానడానికి ఫోన్‌లో సాయపడే క్విట్‌లైన్ నంబరు 1800-11-2356 రాసిచ్చి పంపు. మన బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లోనూ ఆ సేవకు కేంద్రం ఉంది.

మొదట ముప్పై మందితో కార్డులు పరీక్షించి, వాళ్లు కార్డు మీద ఎంచుకున్నదీ, తరువాత దుకాణంలో నిజంగా కొన్నదీ ఎదురెదురుగా రాసి నాకు పంపించు. ఎక్కడ తేడా వచ్చిందో ఆ వరుసల కింద ఎర్ర గీత పెట్టు. నేను ముందు వాటినే చదువుతాను. ఆదివారం ఇంటికి వస్తే మీ అత్తయ్య గోంగూర చేస్తానంటోంది.

ఇట్లు,
మీ మామయ్య