తూటా, గుండు, గుల్ల: ఏది ఏది?

ప్రశ్న: మేం విశాఖపట్నంలో ఉంటాం. అల్పపీడనం తగ్గిన మర్నాడు పొద్దున్నే బీచ్‌లో నడుస్తుంటే, అలలు కోసేసిన ఇసుకలో తుప్పు పట్టిన ఇత్తడి గొట్టాలు మూడు కనిపించాయి. ఒక్కోటి రెండుంపావు అంగుళాల పొడవు. ఒక వైపు మూసి ఉన్నాయి, రెండో వైపు తెరిచి ఉన్నాయి. మూసిన వైపు కె, ఎఫ్ అక్షరాలు, వాటి మధ్య బాణం గుర్తు. మా నాన్నగారు ‘ఖాళీ తూటాలు’ అన్నారు. మా అబ్బాయి ‘బుల్లెట్ షెల్స్’ అంటాడు. తెలిసినాయన ఒకరు ‘తూటా తొడుగులు’ అనాలని సరిచేశారు. వీటికి సరైన తెలుగు మాట ఏది? ఇవి 1942లో జపాన్ వాళ్లు బాంబులు వేసినప్పటివేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: తూటా గుల్లలు అనండి. ఎందుకో చెప్తాను.

ముందు తూటా సంగతి. 1857 పాఠం చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న తూటాలను నోటితో కొరకడానికి సిపాయిలు ఒప్పుకోలేదని. అక్కడ కొరకాల్సింది సీసపు గుండును కాదు, కాగితాన్ని. ఆ రోజుల్లో తూటా అంటే కాగితపు పొట్లం. అందులో కొలత ప్రకారం మందు, దానితోపాటు ఒక గుండు ఉండేవి. సిపాయి ఆ పొట్లం కొస కొరికి, మందు తుపాకి గొట్టంలో పోసి, తర్వాత గుండు దించేవాడు. ఇంగ్లిష్ కాట్రిడ్జ్, హిందీ కార్తూస్ మాటలు కూడా కాగితం చుట్ట అనే అర్థం నుంచి వచ్చినవే. తర్వాత కాగితం పోయి ఇత్తడి వచ్చింది. మాట మాత్రం మారలేదు. కాబట్టి తూటా అంటే మొత్తం సరుకు: మందు, గుండు, వాటిని పట్టి ఉంచే గొట్టం, అన్నీ కలిపి.

తుపాకిలోంచి దూసుకెళ్లేది గుండు. గుండ్రాయిలో ఉన్న గుండే ఇది, అచ్చ తెలుగు మాట. తొలినాళ్ల సీసపు ఉండలు గుండ్రంగా ఉండేవి కనుక ఆ పేరు వచ్చింది. ఇప్పటి గుండు మొన తేలి ఉంటుంది, అయినా పేరు నిలిచింది. మందు, గుండు కలిస్తే మందుగుండు. దీపావళి సామాన్లలో గుండు ఎక్కడా లేకపోయినా మందుగుండు సామాన్లనే అంటున్నాం!

చిక్కంతా ఎక్కడ వచ్చిందంటే, మనం తూటాను రెండు అర్థాల్లోనూ వాడేస్తున్నాం. ‘1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్‌ నుంచి తుపాకులు, తూటాలు పట్టుకెళ్లింది’ అన్నప్పుడు తూటా అంటే కాల్చడానికి సిద్ధంగా ఉన్న మొత్తం సరుకు. ‘గుండెలో తూటా దిగింది’ అన్నప్పుడు అది గుండు. రెండో వాడుకను తప్పని కొట్టెయ్యను, జనం నోట నిలబడిపోయింది. కానీ పేలిపోయాక మిగిలిన గొట్టాన్ని కూడా తూటా అంటే ఇక ఆ మాటకు పట్టు ఉండదు. ‘ఖాళీ’ చేర్చినా వినేవాళ్ల చెవికి ముందు తగిలేది తూటాయే. ‘బీచ్‌లో తూటాలు దొరికాయి’ అని ఫోన్ చేసి చూడండి, అవతలివాళ్లకు ఎంత టెన్షనో!

తొడుగు ఎందుకు వద్దంటున్నాను? తొడుగు అంటే ఉన్నదాని మీద వేసుకునేది. చేతి తొడుగు తీసేస్తే చెయ్యి చెయ్యిలాగే ఉంటుంది. ఈ ఇత్తడి గొట్టం అలాంటిది కాదు. అడుగున మందు పోసి, మూతిలో గుండు బిగించి పెట్టిన పాత్ర ఇది. లోపలిది వెళ్లిపోయాక మిగిలే ఖాళీ ఒంటికి మనకు ముచ్చటైన మాట ఉంది: గుల్ల. చెదలు తింటే దూలం గుల్లవుతుంది. పురుగు చచ్చిపోయాక మిగిలేది నత్తగుల్ల. అలాంటి గుల్లల్ని కాల్చి చేసేది గుల్ల సున్నం. అంటే సముద్రపు ఒడ్డున దొరికే వస్తువుకు సముద్రపు ఒడ్డు మాటే సరిపోయింది. ఇంగ్లిష్ షెల్ కూడా ఈ దారినే వచ్చింది, ముందు గవ్వ, చిప్ప, తర్వాత తుపాకి సామాను.

మీ అబ్బాయితో మాత్రం ‘షెల్స్’ అన్న మాట ఈ సందర్భంలో మానిపించండి. బీచ్‌లో షెల్ దొరికిందంటే గవ్వ కావచ్చు, తూటా గుల్ల కావచ్చు, లోపల పేలుడు మందున్న ఫిరంగి గుండూ కావచ్చు. యుద్ధ వార్తల్లో ‘షెల్ పడి ఇల్లు కూలింది’ అని రాసేది ఆ మూడోదాని గురించే. పిల్లలు తిరిగే చోట ఈ మూడింటికీ ఒకే పేరు ఉండటం ప్రమాదం.

మీ గుల్లల్ని కూడా ఒకసారి తిప్పి చూడండి. అడుగున సరిగ్గా మధ్యలో చిన్న గుండ్రటి బిళ్ల ఉంటుంది. దాని మీద సొట్ట పడి ఉంటే, తుపాకిలోని సూది తగిలి పేలిపోయిందని అర్థం. సొట్ట లేకపోయినా, మూతిలో గుండు బిగించి ఉన్నా అది గుల్ల కాదు, తూటాయే. ముట్టుకోకుండా 112కు ఫోన్ చెయ్యండి. ‘పేలని తూటా’ అనే చెప్పండి.

మీరు అడగని మాట ఒకటి. ‘తుప్పు పట్టిన ఇత్తడి’ అని రాశారు. తుప్పు ఇనుముకు పడుతుంది. ఇత్తడికి, రాగికి పట్టే ఆకుపచ్చ పొర చిలుము. కిలుము అని కూడా అంటారు. కన్నడంలో ఇది కిలుబు. వాళ్ల కివి మనకు చెవి అయినట్టే, ఇ, ఎ అచ్చుల ముందు పాత కకారం తెలుగులో చకారమైంది. ఇంత చక్కటి మాట బిందెలూ చెంబులూ అటకెక్కడంతో తానూ మరుగున పడుతోంది. మా ఇంట్లో పిల్లలకు చిలుము అంటే తెలియలేదు, బాధేసింది.

ఇక కాలం సంగతి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసిన మాట నిజం. యుద్ధకాలపు పిల్‌బాక్సులు, అంటే సైనికులు లోపల ఉండి తుపాకులు కాల్చే చిన్న కాంక్రీటు గదులు, మీ బీచ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. కానీ కె, ఎఫ్ అంటే పుణె దగ్గరి కిర్కీ, అంటే ఇప్పటి ఖడ్కిలోని తూటాల ఫ్యాక్టరీ. బాణం బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు వేసే గుర్తు. మీరు చెప్పిన పొడవు అందరూ త్రీ నాట్ త్రీ అనే రైఫిల్ తూటాకు సరిపోతుంది. కాబట్టి ఇవి జపాన్ వాళ్లవి కావు, ఇటువైపు తుపాకులవి. 303 రైఫిళ్లు స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాలపాటు మన పోలీసుల చేతుల్లో ఉన్నాయి, కనుక ఒక్క సైజును బట్టి 1942 అనుకోకూడదు. అడుగున అక్షరాల పక్కన అంకెలు ఉన్నాయేమో చూడండి. ఆ కాలపు తూటాల్లో చాలావాటి మీద తయారైన సంవత్సరం వేసేవారు. 42 దాటిన అంకె కనిపిస్తే ఆ ఏప్రిల్‌తో వీటికి సంబంధం లేనట్టే. చూడాలన్న తొందరలో చింతపండు పెట్టి తోమకండి. చిలుముతో పాటు ఆ సన్నటి అంకెలూ అరిగిపోతాయి. మంచినీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, ఏటవాలు వెలుతురులో చూడండి.