మామగారికి టాయిలెట్ నీళ్లు ఇచ్చిన అల్లుడు

సెంటు సీసాల మీద ‘ఓ ద టాయిలెట్’, ‘ఓ ద పర్‌ఫ్యూమ్’ అని ఎందుకు రాస్తారు, రెండిట్లో ఏది కొనాలి అని ఒకరు అడిగారు. దీనికి జవాబు చెప్పే అర్హత నెల్లూరులో నాకంటే ఎవరికీ ఉండదు. ఆ మాట పుణ్యమా అని ఒక సంక్రాంతి మొత్తం అత్తారింట్లో తల వంచుకుని అన్నం తిన్నాను.

పెళ్లయ్యాక మొదటి పండగ. అత్తగారి ఊరు కందుకూరు. ఏ జిల్లా అని మాత్రం అడక్కండి, మార్చి మార్చి మాకే గుర్తుండటం లేదు. మామగారు రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. బిస్కెట్ ప్యాకెట్ వెనక రాసింది కూడా చివరిదాకా చదివే మనిషి. ట్రంకు రోడ్డులో ఒక షాపులో రెండు వేలు పోసి కొన్న ‘ఓ ద టాయిలెట్’ సీసా ఆయన చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని చదివారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాలా మర్యాదగా, “అల్లుడుగారూ, ఇది బాత్రూములో వాడేదా?” అన్నారు. అరిసె తింటున్న మా బావమరిది నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తాడు. తెల్లారి స్నానానికి వెళ్తే ఆ సీసా ఫినాయిల్ డబ్బా పక్కన ఉంది. అత్తయ్య నిజంగానే సర్దేశారు!

నన్ను కాపాడింది మా ఆవిడ. బీరువాలోంచి ఇంకో సీసా తెచ్చి, “నాయనా, జొరమొస్తే నుదుటి మీద తడిగుడ్డకి పోసుకుంటావే యుడికొలోన్, దాని మీద ఏముందో చదువు” అంది. దాని మీద కూడా ముందు అవే మూడక్షరాలు, ఈ, ఏ, యూ. ఫ్రెంచిలో వాటిని కలిపి ‘ఓ’ అంటారు, అంటే నీళ్లు. మాస్టారు ఇన్నాళ్లూ ‘యు’ అనే అంటున్నారు. “ఫ్రెంచోళ్లకి స్పెల్లింగు రాదమ్మా” అని పేపరు తీసుకున్నారు.

యుడికొలోన్ అంటే కొలోన్ నీళ్లు. కొలోన్ జర్మనీలో ఊరు. ఇటలీ నుంచి వచ్చిన ఫరీనా కుటుంబం 1709లో అక్కడ కొట్టు పెట్టింది, వాళ్ల సెంటుకి ఆ ఊరి పేరొచ్చింది. ఇక టాయిలెట్. ఫ్రెంచిలో ‘త్వాల్’ అంటే గుడ్డ, ‘త్వాలెట్’ అంటే చిన్న గుడ్డ. ముస్తాబయ్యే బల్ల మీద పరిచేది. అదే మాట ముస్తాబుకి పేరైంది. దాన్ని మరుగుదొడ్డిదాకా ఈడ్చుకుపోయింది ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే. నా పరువు పోవడానికి కారణం వాళ్లేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

తేడా అంతా సెంటు నూనె పాళ్లలో ఉంది. కొలోన్‌లో 2 నుంచి 5 శాతం, టాయిలెట్‌లో 5 నుంచి 15, ఓ ద పర్‌ఫ్యూమ్‌లో 15 నుంచి 20, ఉత్త పర్‌ఫ్యూమ్ అని రాస్తే అంతకు మించి. మిగతాదంతా దాదాపు ఆల్కహాలే. పేరుకే నీళ్లు! ఈ అంకెలు కూడా రాతి మీద గీతలు కావు, కంపెనీని బట్టి మారతాయి. షాపుల్లో కుర్రాళ్లు మాత్రం “ఇరవై నాలుగ్గంటలు గ్యారంటీ సార్” అంటారు. మణికట్టు మీద కొట్టిన నిమిషంలో వాసన చూపించి డబ్బులు లాగేస్తారు. ముందు వచ్చే ఆ నిమ్మ వాసన పావుగంటలో ఎగిరిపోతుంది. అసలు వాసన తర్వాత తెలుస్తుంది. కొట్టించుకుని బజారంతా తిరిగి రండి, అప్పుడు కొనండి.

నన్నడిగితే మన ఎండలకి టాయిలెట్టే మేలు. మే నెలలో ఓ ద పర్‌ఫ్యూమ్ దట్టంగా కొట్టుకుని కందుకూరు బస్సెక్కిన మనిషి పక్కన కూర్చుని చూడండి, కావలి దాటేలోపు తలనొప్పి ఖాయం. ఎక్కువ శాతం అంటే ఎక్కువ గొప్ప అనుకునేవాళ్లే అంతా. అలా అయితే అత్తరు సంగతేంటి? అందులో ఆల్కహాలే ఉండదు, ఒక్క చుక్క చాలు. రొట్టెల పండగప్పుడు కొన్న చిన్న సీసా నాకు ఏడాది వచ్చింది.

మామగారు ఆ సీసాని ఫినాయిల్ పక్కనుంచి తీసి ఆర్నెల్లలో ఖాళీ చేశారు. పేరు మాత్రం మార్చలేదు. మొన్న నేను ఆఫీసులో స్పీకర్ పెట్టి మాట్లాడుతుంటే, గట్టిగా, “అల్లుడుగారూ, టాయిలెట్ అయిపోయింది. ఈసారి వచ్చేటప్పుడు పెద్దది పట్రండి” అన్నారు.