మీ ఏజెంట్ ఆ ధర ఎక్కడ చూసింది?

ప్రశ్న: మాది హన్మకొండ, బీటెక్ చివరి ఏడాది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరలు రోజూ చూసి రైతులకు తెలుగులో చెప్పే ఏఐ ఏజెంట్ చేద్దామనుకున్నాను. క్రూఏఐ అని ఏజెంట్లు తయారుచేసే పైథాన్ సాఫ్ట్‌వేర్ ఉంది కదా, టెర్మినల్‌లో దాని క్రియేట్ కమాండ్ కొడితే టెంప్లేట్ నుంచి ఫోల్డర్ మొత్తం తయారైంది. టాపిక్ దగ్గర మిర్చి ధర అని మార్చి రన్ చేస్తే రిపోర్టు చాలా బాగా వచ్చింది, క్వింటాలు ధరతో సహా. యార్డులో తెలిసినవాళ్లను అడిగితే అసలు ఆ రోజు ఆ ధరే పలకలేదన్నారు. కాలేజీలో ప్రాజెక్టు రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. వేరే టెంప్లేట్ తీసుకోవాలా?

జవాబు: టెంప్లేట్ మార్చనక్కరలేదు, ముందు అది మీకేం ఇచ్చిందో ఫైలు ఫైలూ తెరిచి చదవండి. కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఏజెంట్స్ ఫైలు, టాస్క్స్ ఫైలు అని రెండు యామల్ (సెట్టింగులు రాసే) ఫైళ్లుంటాయి. మొదటిదాంట్లో రిసెర్చర్, రిపోర్టింగ్ అనలిస్ట్ అని ఇద్దరు ఏజెంట్లు, వాళ్ల పాత్ర, లక్ష్యం, నేపథ్యం రాసి ఉంటాయి. రెండోదాంట్లో టాపిక్ మీద క్షుణ్ణంగా పరిశోధించమన్న పని ఉంటుంది. ఇప్పుడు క్రూ డాట్ పై (crew.py) ఫైలు తెరిచి రిసెర్చర్‌ను తయారుచేసే నాలుగు లైన్లు చూడండి. అక్కడ టూల్స్ (ఏజెంట్ బయటి నుంచి డేటా తెచ్చుకునే ఫంక్షన్లు) అన్న మాటే కనిపించదు. అంటే మీ రిసెర్చర్‌కు ఇంటర్నెట్ లేదు, మార్కెట్ సైటు లేదు, చేతిలో ఏమీ లేదు. పరిశోధించమన్నారు కాబట్టి మోడల్ (ఏజెంట్ వెనక జవాబులు రాసే ఏఐ) తన శిక్షణలో ఎప్పుడో చదివినదాన్నిబట్టి, నిజంలాగే వినిపించే అంకె రాసి ఇచ్చింది. పేరు రిసెర్చర్ అని ఉన్నంత మాత్రాన అది ఎక్కడికీ వెళ్లి చూడలేదు.

టూల్స్ ఫోల్డర్‌లో కస్టమ్ టూల్ అని ఒక నమూనా ఫైలు ఉంటుంది, దాన్ని చాలామంది తెరవనే తెరవరు. అందులో రన్ అన్న ఫంక్షన్ ఒకే ఒక్క వాక్యం తిరిగిస్తుంది: ఇది ఉదాహరణ మాత్రమే, పట్టించుకోకుండా ముందుకు వెళ్లమని. మీ ప్రాజెక్టు అసలు పని ఆ వాక్యం ఉన్నచోటే మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో దేశంలోని మార్కెట్ యార్డుల రోజువారీ ధరలు ఏపీఐ (ప్రోగ్రామే నేరుగా డేటా అడిగి తీసుకునే దారి) ద్వారా దొరుకుతాయి, రిజిస్టర్ చేసుకుంటే దానికి కీ, అంటే పాస్‌వర్డ్ లాంటి కోడ్ ఇస్తారు. రాష్ట్రం, మార్కెట్, సరుకు పేర్లు పంపితే కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధర వస్తాయి (ఈ మోడల్ అంటే ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది, ఏఐ మోడల్ కాదు). ఆ ఫంక్షన్‌లో ఈ పిలుపు రాసి, క్రూ డాట్ పైలో రిసెర్చర్‌కు టూల్స్ జాబితాగా అందించండి. టూల్ వివరణ కూడా శ్రద్ధగా రాయాలి, ఎందుకంటే ఏ టూల్ ఎప్పుడు వాడాలో మోడల్ ఆ వివరణ చదివే తేల్చుకుంటుంది.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆదివారాలు, పండుగలకు యార్డు బంద్ ఉంటుంది, ఒక్కోరోజు పోర్టల్‌లోకి డేటా రానే రాదు. అప్పుడు టూల్ ఖాళీ జవాబిస్తే మోడల్ ఆ ఖాళీని సొంతంగా నింపేస్తుంది. అందుకని ఈరోజు ధర రాలేదని టూల్ స్పష్టమైన వాక్యమే తిరిగివ్వాలి, టాస్క్‌లో కూడా టూల్ ఇవ్వని అంకె ఏదీ రాయొద్దని రాయండి, ప్రతి ధర పక్కన తేదీ, రకం తప్పకుండా ఉండాలనండి. తేజ ధర వేరు, వండర్ హాట్ వేరు, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన చపాటా వేరు. మిర్చి అని ఒకే అంకె చెబితే రైతుకు అక్కరకు రాదు. ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ములుగు, భూపాలపల్లి దిక్కు రైతు ఆ మెసేజ్ చూసి కోల్డ్ స్టోరేజీలోంచి బస్తాలు తీయించి బండి కిరాయికి మాట్లాడుకుంటాడు, అంకె తప్పయితే నష్టం ఆయనది. అమ్మాలా ఆగాలా అన్న ప్రశ్నకు ఏజెంట్‌తో జవాబు చెప్పించకండి.

నా అభిప్రాయం అడిగితే మీ పనికి ఇద్దరు ఏజెంట్లు కూడా అక్కర్లేదు. గూగుల్‌వాళ్లు ఏజెంట్ల తయారీకి ఇచ్చే ఏడీకేలో ఏడీకే క్రియేట్ కొడితే చిన్న ఫోల్డర్ వస్తుంది, అసలు సంగతంతా ఏజెంట్ డాట్ పై (agent.py) ఫైలు ఒక్కదాంట్లోనే, ఏడీకే వెబ్ అంటే బ్రౌజర్‌లోనే మాట్లాడి చూసుకోవచ్చు. అయితే అక్కడా టూల్ మీరే రాయాలి, టెంప్లేట్‌లోని సూచన నీకు తెలిసినంతలో జవాబివ్వు అని మాత్రమే ఉంటుంది. లాంగ్‌గ్రాఫ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌వాళ్ల రియాక్ట్ ఏజెంట్ టెంప్లేట్‌లో వెబ్‌లో వెతికే టూల్ ముందే ఉంటుంది, కానీ దానికి టావిలీ అనే సెర్చ్ సర్వీసు కీ వేరే కావాలి, పైగా వెబ్‌లో ఏ పాత వార్తలోని ధరో తెచ్చిపెట్టే ప్రమాదం ఉంది. క్లౌడ్‌లో పెట్టడానికి టెర్రాఫామ్ (క్లౌడ్ సర్వర్లను కోడ్‌తో ఏర్పాటు చేసే సాఫ్ట్‌వేర్) ఫైళ్లతో సహా అన్నీ పేర్చి ఇచ్చే పెద్ద టెంప్లేట్లు కూడా ఉన్నాయి, రివ్యూ ముందు వాటి జోలికి పోకండి. ప్రతి ఫైలు ఎందుకుందో ఎగ్జామినర్‌కు చెప్పగలిగేంత చిన్న టెంప్లేటే మీకు మంచిది.

ప్రశ్న: మాది జమ్మికుంట. నా లాప్‌టాప్ 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. ఏజెంట్ ప్రాజెక్టులు నడుస్తాయా?

జవాబు: నిశ్చింతగా నడుస్తాయి. మీ మిషన్‌లో నడిచేది పైథాన్ కోడ్ మాత్రమే, మోడల్ కంపెనీవాళ్ల సర్వర్‌లో ఉంటుంది. నెట్ లేకుండా కావాలంటే ఒలామా (మోడళ్లను సొంత కంప్యూటర్‌లోనే నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకుని చిన్న మోడల్ దింపుకోవచ్చు, కాకపోతే జవాబులు మెల్లగా వస్తాయి, చిన్న మోడళ్లు టూల్ పిలవడంలో తరచూ తడబడతాయి, తెలుగు కూడా అంత బాగా రాయవు. ఒకటి గుర్తుంచుకోండి, ఏజెంట్ ఒక్క ప్రశ్నకు మోడల్‌ను చాలాసార్లు పిలుస్తుంది, కాబట్టి ఉచిత కోటా అనుకున్నదానికంటే తొందరగా అయిపోతుంది. ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోతే ముందు పైథాన్ వెర్షన్ చూడండి. ఇలాంటి టూళ్లలో చాలావాటికి కనీసం 3.10 ఉండాలి.

ప్రశ్న: కాజీపేట నుంచి రాస్తున్నాను. టెంప్లేట్ తయారుచేసిన ఈఎన్‌వి (.env) ఫైలు, అందులోని ఏపీఐ కీతో సహా, పొరపాటున గిట్‌హబ్‌లోకి పోయింది. వెంటనే డిలీట్ చేశాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. పాత కమిట్‌లలో, అంటే గిట్ దాచి ఉంచే పాత వెర్షన్లలో, ఆ కీ అలాగే ఉంటుంది, బయటపడ్డ కీల కోసం పబ్లిక్ రిపోజిటరీలు గాలించే ప్రోగ్రాములు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. కీ ఇచ్చిన కంపెనీ సైటులోకి వెళ్లి ఇప్పుడే ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి, వాడకం పేజీలో మీరు చేయని ఖర్చేమైనా ఉందేమో చూడండి, ఖర్చుకు పరిమితి పెట్టే వీలుంటే పెట్టండి. తర్వాత గిట్ ఇగ్నోర్ (గిట్‌లోకి పోకూడని ఫైళ్ల జాబితా) ఫైలులో ఈఎన్‌వి పేరు ఉందో లేదో చూసుకోండి. చాలా టెంప్లేట్లు ఆ లైను తామే రాసి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. మొదటి కమిట్‌కు ముందే గిట్ స్టేటస్ కొట్టి జాబితా మొత్తం చదవండి.