ట్రైలర్ విడదీసే ముందు చక్రాలకు అడ్డు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మేము ఇటీవలే రెండు ఇరుసుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనుక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఒకటి కొన్నాము. సామాను, నీళ్లతో కలిపి దాని బరువు సుమారు 3,000 కిలోలు ఉంటుంది. మొదటి ప్రయాణంలో చూపుకు చదునుగానే కనిపించిన కంకర నేల మీద ఆపి, ముందు హిచ్ (ట్రైలర్‌ను లాగే బండికి కలిపే తగులు) విడదీసి ఆ తరువాత చక్రాలకు అడ్డు పెడదామనుకున్నాము. ట్రైలర్ ముందు కొసన ఉండే కప్లర్, లాగే బండి వెనుక ఉండే గుండు (హిచ్ బాల్) మీద నుంచి లేవగానే ట్రైలర్ జానెడు దూరం వెనక్కి కదిలింది. ట్రైలర్ ముందు భాగాన్ని ఎత్తి నిలిపే టంగ్ జాక్ పాదం దాని కింద పెట్టిన చెక్క మీద నుంచి జారిపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు గాని, మా అబ్బాయి ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. ట్రైలర్‌తో పాటు వచ్చిన రెండు చిన్న ప్లాస్టిక్ వీల్ చాక్‌లు (చక్రాలకు పెట్టే అడ్డుదిమ్మలు) మా దగ్గర ఉన్నాయి. అవి చాలుతాయా? చాలకపోతే ఎలాంటివి కొనాలి, ఎక్కడ పెట్టాలి, ఏ వరుసలో పెట్టాలి?

జవాబు: మీ అబ్బాయికి ఏమీ కాలేదని చదివాక మనసు కుదుటపడింది. మీ ఉత్తరంలో చాక్‌ల నాణ్యత కన్నా ముందుగా చెప్పుకోవలసినది వాటిని పెట్టే సమయం గురించి. ట్రైలర్ లాగే బండికి తగిలించి ఉన్నంతసేపు ఆ బండి బ్రేకులే ట్రైలర్‌ను కూడా పట్టి ఉంచుతాయి. కప్లర్ పైకి లేచిన క్షణం నుంచి దానిని ఆపేది చక్రాల ముందూ వెనుకా ఉన్న అడ్డుదిమ్మలు మాత్రమే. టంగ్ జాక్ ముందు భాగపు బరువును మోయడానికి, మూలల్లోని స్టెబిలైజర్ జాక్‌లు లోపల నడిచేటప్పుడు ఊగకుండా ఉండడానికి ఉన్నాయి. అవి ట్రైలర్ పక్కకో వెనక్కో పోకుండా ఆపేందుకు చేసినవి కావు. నిలబడి ఉన్న జాక్‌ను దొర్లే ట్రైలర్ ఈడ్చుకుపోతే దాని కాలు వంగిపోతుంది. అందువల్ల అడ్డు పెట్టడం హిచ్ విడదీయడానికి ముందు చేయవలసిన పని, తరువాత చేయవలసినది కాదు.

చూపుకు చదునుగా ఉన్న నేల ఎలా మోసం చేస్తుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. మీటరు పొడవుకు 3 సెంటీమీటర్లు పల్లమైతే దానిని వాలు అని కూడా మనం అనుకోము. కాని ఆ వాలు మీద 3,000 కిలోల ట్రైలర్‌ను కిందికి లాగే బలం సుమారు 90 కిలోల బరువుకు సమానం. గట్టి నేల మీద టైర్లు దొర్లడానికి సహజంగా చూపే నిరోధం ఇంతటి బరువుకు 30 నుంచి 45 కిలోల మేరకే ఉంటుంది కాబట్టి, మిగిలిన బలాన్ని ఏదో ఒకటి ఆపి తీరాలి. దానికి తోడు, జాక్ తిప్పి ముందు భాగాన్ని లేపుతున్నప్పుడు ట్రైలర్ ఇరుసుల మీద కొద్దిగా తిరుగుతుంది. హిచ్ బాల్‌కు కప్లర్ బిగుసుకుని ఉండి ఒక్కసారిగా వదిలితే అది ఒక కుదుపు కూడా తీసుకుంటుంది. మీకు జరిగింది అదే అయి ఉంటుంది.

ఇక ఎంపిక. అడ్డుదిమ్మ రెండు విధాలుగా ఓడిపోతుంది: టైరు దాని మీదికి ఎక్కి దాటిపోవచ్చు, లేదా దిమ్మే నేల మీద జారిపోవచ్చు. కొనేవారు సాధారణంగా మొదటి దానినే చూస్తారు. శిబిరాల్లోని కంకర మీద, తడిసిన గడ్డి మీద నిజంగా ఎక్కువగా జరిగేది రెండోది. అందుకని నేనైతే ముందుగా దిమ్మ అడుగు భాగాన్ని తిప్పి చూడమంటాను. గట్టి రబ్బరు దిమ్మ కాంక్రీటును, తారును చక్కగా పట్టుకుంటుంది, బరువుగా ఉంటుంది, గాలికీ తన్నుకూ కదలదు. దాని లోపం మోయడానికి బరువు కావడమే. బోలు ప్లాస్టిక్ దిమ్మ తేలికగా ఉంటుంది గాని, నున్నటి కాంక్రీటు మీద అడుగున రబ్బరు పట్టీ లేకపోతే జారుతుంది. ఏళ్ల తరబడి ఎండలో పడి ఉంటే పెళుసెక్కుతుంది, గట్టి చలిలో పగిలే అవకాశం కూడా ఉంది. అల్యూమినియం, ఉక్కు దిమ్మల అడుగున పళ్లు ఉంటే అవి మట్టిలోనూ మంచులోనూ దిగబడి పట్టుకుంటాయి, కాని అవే పళ్లు నున్నటి గట్టి నేల మీద పెద్దగా పనికిరావు. మందపాటి దూలం నుంచి ఏటవాలుగా కోసిన చెక్క దిమ్మను తక్కువగా చూడకండి. పగుళ్లు లేని గట్టి చెక్క అయితే అది చవక ప్లాస్టిక్ కన్నా నమ్మదగినది. రాయి, ఇటుక మాత్రం వద్దు. రాయి టైరును ఒక్కచోటే తాకి పక్కకు తిరుగుతుంది, ఇటుక బరువు పడితే విరుగుతుంది.

ఎత్తు విషయంలో, దిమ్మ ఎత్తు టైరు వ్యాసంలో నాలుగో వంతుకు తగ్గకుండా ఉండాలనేది వాడుకలో ఉన్న కొలత. మీ టైరు వ్యాసం 70 సెంటీమీటర్లయితే దిమ్మ 17 లేదా 18 సెంటీమీటర్లు ఉండాలి. ఈ కొలతకు కారణం ఉంది. 70 సెంటీమీటర్ల టైరు 5 సెంటీమీటర్ల మెట్టును ఎక్కాలంటే ఆ చక్రం మోసే బరువులో సుమారు 0.6 వంతు బలం చాలు, అదే 17.5 సెంటీమీటర్ల మెట్టుకు ఆ బరువుకు 1.7 రెట్లకు పైగా బలం కావాలి. కదలకుండా నిలబడిన ట్రైలర్‌కు కొద్దిపాటి వాలు మీద 5 సెంటీమీటర్ల దిమ్మ కూడా అడ్డే, నిజమే. కాని దిమ్మకూ టైరుకూ మధ్య ఖాళీ ఉండి ట్రైలర్ ఆ కాస్త దూరం దొర్లి వచ్చి తాకితే, ఆ వేగంతో చిన్న దిమ్మను దాటవచ్చు లేదా ముందుకు తోసేయవచ్చు. వెడల్పు కూడా చూడండి: టైరు నేలను తాకే వెడల్పులో ఎక్కువ భాగాన్ని దిమ్మ ఆపగలగాలి. టైరు వంపుకు తగినట్టు ముఖం లోపలికి వంగి ఉన్న దిమ్మలు టైరుకు బాగా ఆనుకుంటాయి. దిమ్మ ఎంత బరువుకు, ఎంత వ్యాసం గల టైరుకు చేశారో తయారీదారు రాసి ఉంటాడు. ఆ లెక్కలో మీ ట్రైలర్ ఖాళీ బరువును కాక, నిండుగా సర్దిన బరువును పోల్చుకోండి. ట్రైలర్‌తో వచ్చిన మీ రెండు చాక్‌లను పారేయనక్కరలేదు, అదనపు అడ్డుగా ఉంచుకోండి. ప్రధానమైన అడ్డు అవి కాకూడదు.

ఎన్ని కావాలంటే, మీకు నాలుగు. రెండు ఇరుసుల ట్రైలర్‌కు ఎడమ వైపూ కుడి వైపూ, ముందు టైరుకు ముందు ఒకటి, వెనుక టైరుకు వెనుక ఒకటి పెట్టాలి. ఒకే ఇరుసు ఉన్నవారు రెండు చక్రాలకూ ముందూ వెనుకా పెడితే ఆ లెక్క కూడా నాలుగే అవుతుంది. వాలు స్పష్టంగా కనిపిస్తుంటే పల్లం వైపున మిగిలిన టైర్లకు కూడా ఒక్కొక్కటి చేర్చండి. ఒక వైపు మాత్రమే పెట్టి ఊరుకునేవారు చాలామంది ఉన్నారు. ఒక పక్క చక్రాలు ఆగి రెండో పక్క చక్రాలు స్వేచ్ఛగా ఉంటే, ట్రైలర్ ఆగిన పక్కను ఇరుసుగా చేసుకుని గుండ్రంగా తిరగడానికి చూస్తుంది. అప్పుడు ముందున్న జాక్ పాదం పక్కకు ఈడ్చుకుపోతుంది.

పెట్టే పద్ధతిలో శ్రద్ధ పెట్టవలసినది ఆనిక మీద. దిమ్మ టైరు మధ్యభాగానికి సూటిగా, ఏ మూలా లేవకుండా నేలకు పూర్తిగా ఆని ఉండాలి. చేత్తో పెట్టి, కాలితో నెట్టి బిగించాలి. టైరు దిమ్మ ఏటవాలు మీద కొంచెం ఒరిగితేనే ట్రైలర్ బరువు దిమ్మను నేలకు అదుముతుంది, ఆ అదుముడే జారకుండా పట్టి ఉంచుతుంది. ఊరికే దగ్గరగా పెట్టిన దిమ్మకు దాని సొంత బరువు తప్ప మరో పట్టు ఉండదు. అందుకే దిమ్మలు పెట్టిన తరువాత, ఒకరు స్టీరింగ్ దగ్గర ఉండి బ్రేకును మెల్లగా వదిలి ట్రైలర్‌ను పల్లం వైపు దిమ్మలకు ఒరగనిచ్చి, ఆ తరువాత లాగే బండి పార్కింగ్ బ్రేకు వేయాలి. అప్పుడు ఎగువ వైపు దిమ్మల దగ్గర ఖాళీ ఏర్పడుతుంది, వాటిని మళ్లీ దగ్గరకు నెట్టండి. మెత్తటి నేల అయితే దిమ్మ కింద వెడల్పాటి పలక వేయండి. లేకపోతే దిమ్మ కుంగి దాని ఎత్తు తగ్గిపోతుంది.

వరుస ఇలా ఉంటుంది. ట్రైలర్ తగిలించి ఉండగానే ఎడమ కుడి ఎత్తులు సరిచూసి, తక్కువగా ఉన్న వైపు చక్రాల కింద పలకలు వేసి ఎక్కించాలి. ఆ తరువాత నాలుగు దిమ్మలు పెట్టి, చెప్పినట్టు ఒరగనివ్వాలి. అప్పుడు మాత్రమే జాక్ దించి, కప్లర్ గొళ్లెం తీసి, ముందు భాగాన్ని లేపాలి. సేఫ్టీ గొలుసులను చివరిదాకా ఉంచడం నా సలహా; కప్లర్ లేచాక ట్రైలర్ కదలలేదని కళ్లారా చూసుకుని, అప్పుడు గొలుసులు విప్పండి. ముందు వెనుకల ఎత్తు ఆ తరువాత సరిచేసుకోవచ్చు, స్టెబిలైజర్ జాక్‌లు అన్నిటికన్నా చివర దించాలి. బయలుదేరేటప్పుడు కప్లర్ గొళ్లెం పడి, గొలుసులూ కరెంటు వైరూ తగిలించాకనే దిమ్మలు తీయాలి. ఈ పనులు జరుగుతున్నంతసేపు పిల్లలను పల్లం వైపునా, బండికీ ట్రైలర్‌కూ మధ్యా నిలబడనివ్వకండి.

పలకల గురించి ఒక మాట. టైరు 5 సెంటీమీటర్ల పలక మీద ఉండి దిమ్మ నేల మీద ఉంటే, టైరుకు అందే దిమ్మ ఎత్తు ఆ 5 సెంటీమీటర్ల మేరకు తగ్గినట్టే. పలకలను పొడవుగా తీసుకుని దిమ్మను కూడా వాటి మీదే పెట్టండి.

ప్రశ్న: రెండు టైర్ల మధ్య పెట్టి స్క్రూతో బిగించే ఎక్స్ చాక్‌లు కొన్నాను. ట్రైలర్ లోపల నడిస్తే ఊగడం బాగా తగ్గింది. ఇవి ఉండగా నేల మీద పెట్టే దిమ్మలు మానేయవచ్చా?

జవాబు: మానేయకూడదు. ఈ పరికరం రెండు టైర్లనూ ఒకదానికి వ్యతిరేకంగా ఒకటి నెట్టి, చక్రాలు అటూ ఇటూ ఆడకుండా చేస్తుంది. మీరు గమనించిన స్థిరత్వం అందువల్లే వచ్చింది. కాని అది నేలను తాకదు, దాని పట్టంతా టైరు రబ్బరు మీద ఒత్తిడి నుంచే వస్తుంది. ఆ ఒత్తిడి నిలకడగా ఉండదు. ఉష్ణోగ్రత సుమారు 5 నుంచి 6 డిగ్రీల సెల్సియస్ తగ్గితే టైరులో గాలి ఒత్తిడి దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి, మధ్యాహ్నం ఎండలో బిగించినది తెల్లవారే వేళకు వదులు కావచ్చు. ముందు నేల దిమ్మలు పెట్టి, హిచ్ విడదీసి, ఎత్తులు సరిచేశాక దీనిని బిగించండి. మరునాడు ఉదయం ఒకసారి సరిచూడండి. టైరు పక్క గోడ నొక్కుకుపోయేంతగా బిగించవద్దు. దీనిని తీయకుండా ట్రైలర్‌ను కదిలిస్తే టైరూ పరికరమూ రెండూ పాడవుతాయి కనుక, బయలుదేరే ముందు చూసుకునే పనుల్లో దీనిని రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మా ట్రైలర్‌కు తాడు లాగితే బ్రేకులు పడే బ్రేక్‌అవే స్విచ్ ఉంది. రాత్రి దానిని లాగి ఉంచితే చాలు కదా?

జవాబు: చాలదు. ట్రైలర్ దారిలో తెగిపోతే ఆపడానికి పెట్టిన ఏర్పాటు అది. ఎలక్ట్రిక్ బ్రేకులు ఉన్న ట్రైలర్‌లో అది బ్యాటరీ కరెంటుతో అయస్కాంతాలను పట్టి ఉంచుతుంది. బ్యాటరీ అయిపోగానే బ్రేకులు వదిలేస్తాయి. పైగా అంతసేపు కరెంటు పారితే అయస్కాంతాలు వేడెక్కుతాయి.

ప్రశ్న: నాది హ్యాండ్ బ్రేకు ఉన్న కారవాన్ (బండి వెనుక లాగే ట్రైలర్ రకం). కొన్ని నెలలు కదపకుండా నిలిపి ఉంచాలి. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచనా, దిమ్మలు పెట్టి వదిలేయనా?

జవాబు: చదునైన గట్టి నేల అయితే దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేయడం మంచిది. నెలల తరబడి బ్రేకు వేసి ఉంచితే తేమకు బ్రేక్ షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి, తీయబోతే చక్రం తిరగదు. వాలు నేలలో దీర్ఘకాలం ఉంచకండి. మరో సంగతి: తోపుడుతో పనిచేసే ఓవర్‌రన్ బ్రేకులున్న కారవాన్‌లలో, వెనక్కి నడపడానికి వీలుగా బ్రేకులు తమంతట తామే వదులయ్యే ఏర్పాటు ఉంటుంది. అందువల్ల హ్యాండ్ బ్రేకు వేసినా కారవాన్ కొంత దూరం వెనక్కి దొర్లిన తరువాతనే పూర్తిగా పట్టుకోవచ్చు. తాత్కాలికంగా ఆపినప్పుడు కూడా బ్రేకుతో పాటు వెనుక వైపు దిమ్మ పెట్టమని అందుకే చెబుతున్నాను.

ప్రశ్న: బయలుదేరేటప్పుడు దిమ్మ టైరు కింద ఇరుక్కుని రావడం లేదు. సుత్తితో కొట్టి తీస్తున్నాము. వేరే మార్గం ఉందా?

జవాబు: ఉంది. ట్రైలర్ బరువు దిమ్మ మీద ఒరిగి ఉంది కనుకనే అది రావడం లేదు, అంటే అది తన పని సరిగా చేసిందన్నమాట. ముందు ట్రైలర్‌ను పూర్తిగా తగిలించి, గొళ్లెం, గొలుసులు, వైరు సరిచూసి, ఆ తరువాత లాగే బండిని దిమ్మకు ఎదురు దిశలో కొద్దిగా, వేలెడు దూరం మాత్రమే కదిలించి పార్కింగ్ బ్రేకు వేయండి. ఆ దిశలో మరో దిమ్మ అడ్డుగా ఉంటే ముందుగా దానిని తీయాలి, అది ఎటూ వదులుగానే ఉంటుంది. దిమ్మకు తాడు కట్టి ఉంచుకుంటే టైరు పక్కన చేయి పెట్టకుండానే లాగి తీయవచ్చు. సుత్తి వద్దు, ముఖ్యంగా ప్లాస్టిక్ దిమ్మ మీద. ఆ దెబ్బలకు కంటికి కనిపించని పగులు పడి, తరువాత బరువు పడ్డప్పుడు అది విచ్చుకుంటుంది.