ఆర్ సహాయం పేజీని అడుగు నుంచి చదవండి

ప్రశ్న: వ్యవసాయ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. ప్రాజెక్టు కోసం గణాంకాల లెక్కలకు వాడే ఆర్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటున్నాను. సగటు అడిగితే 'ఎన్‌ఏ' అని వస్తోంది. హాస్టల్లో ఇంటర్నెట్ నిలవదు. సహాయం పేజీ తెరిస్తే ఆ ఇంగ్లిష్ చూసి భయమేసి మూసేస్తున్నాను. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, బాపట్ల

జవాబు: ఇంటర్నెట్ దిగులు వద్దమ్మా. ఆర్‌తో పాటే దాని సహాయం పేజీలన్నీ మీ కంప్యూటర్లోకి వచ్చేశాయి. ప్రశ్నార్థకం కొట్టి, పక్కనే మీన్ (సగటు తీసే ఆదేశం) అని రాసి ఎంటర్ నొక్కండి. ఆర్ రాయడానికి వాడే ఆర్‌స్టూడియోలో అయితే ఆ మాట మీద కర్సర్ ఉంచి ఎఫ్1 నొక్కినా అదే పేజీ వస్తుంది.

ఆ పేజీని పైనుంచి చదవకండి. మొదటి పేరా దగ్గరే ఆగిపోయిన విద్యార్థులను నా తరగతిలో ఎందరినో చూశాను. అట్టడుగున 'ఎగ్జాంపుల్స్' ఉంటాయి, ముందు అక్కడికి వెళ్లండి. ఎగ్జాంపుల్ అని రాసి బ్రాకెట్లలో మీన్ అని ఇస్తే ఆ ఉదాహరణలను ఆర్ తానే నడిపి చూపిస్తుంది. తర్వాత 'యూసేజ్', 'ఆర్గ్యుమెంట్స్' చూడండి. మీ చిక్కు అక్కడే విడిపోతుంది. 'ఎన్‌ఏ డాట్ ఆర్‌ఎం' పక్కన ఫాల్స్ అని ఉంటుంది. ఎన్‌ఏ అంటే కొలత లేని గడి. అలాంటి గళ్లను మీరు తీసేయమంటే తప్ప ఆర్ తీయదని దాని అర్థం. ట్రూ అని ఇస్తే సగటు వస్తుంది.

అయితే వెంటనే ట్రూ కొట్టేయకండి. ఆర్‌లోనే ఉన్న 'ఎయిర్‌క్వాలిటీ' పట్టిక పేరుకు ముందు ప్రశ్నార్థకం పెట్టి చూడండి. 1973 మే నుంచి సెప్టెంబరు వరకు న్యూయార్క్ గాలి కొలతలు అవి. ఏ కొలత ఎక్కడ తీసుకున్నారో, ఏ ప్రమాణంలో తీసుకున్నారో ఆ పేజీలో ఉంటుంది. మొత్తం 153 రోజుల్లో 37 రోజులకు ఓజోన్ కొలత లేదు. వాటిని వదిలేస్తే సగటు 42.13 వస్తుంది, కానీ అది 116 రోజుల సగటు మాత్రమే. మీ పొలం లెక్కల్లో ఖాళీలు ఎందుకు వచ్చాయో మీరే చెప్పగలగాలి. ఆ మాట ఏ సహాయం పేజీలోనూ దొరకదు.

'డీటెయిల్స్' అనే భాగాన్ని మాత్రం దాటేయవద్దు. 2, 4, 4, 4, 5, 5, 7, 9 అంకెలకు ప్రామాణిక విచలనం చేత్తో లెక్కిస్తే నాకు సరిగ్గా 2 వచ్చింది, ఆర్ 2.138 చూపించింది. ఒక సాయంత్రమంతా తప్పు కోసం వెతికాను. ప్రామాణిక విచలనం తీసే ఆదేశమైన ఎస్‌డీ పేజీలో ఆ విషయం ఒక్క వాక్యంలో ఉంది: ఇక్కడ భాగించేది ఎన్‌తో (అంకెల సంఖ్యతో) కాదు, ఎన్ మైనస్ ఒకటితో. నేను 8తో భాగించాను, ఆర్ 7తో భాగించింది.

ఆదేశం పేరే తెలియకపోతే రెండు ప్రశ్నార్థకాలు పెట్టి విషయం రాయండి. కోరిలేషన్ (రెండు కొలతల మధ్య సంబంధం) అని వెతికితే వచ్చే జాబితాలో 'కోర్ డాట్ టెస్ట్' అనే ఆదేశం కనిపిస్తుంది. మీ కంప్యూటర్లో ఎక్కించిన ప్యాకేజీల్లోనే ఈ వెతుకులాట సాగుతుంది.

ఇఫ్, ఫర్ లాంటి మాటలకు సహాయం అడిగేటప్పుడు మాత్రం ప్రశ్నార్థకం తర్వాత ఆ మాటకు కొటేషన్ గుర్తులు తప్పనిసరి. అవి లేకుండా ఎంటర్ నొక్కితే ప్లస్ గుర్తు వచ్చి, మీరు ఇంకేదో రాస్తారని ఆర్ ఎదురుచూస్తూ ఉండిపోతుంది. అప్పుడు ఎస్కేప్ నొక్కి, కొటేషన్లు పెట్టి మళ్లీ అడగండి.