ప్రీలాంచ్‌లో 45 లక్షలు కట్టేయమంటారా?

ప్రశ్న: మియాపూర్‌లో 22 వేల అద్దెకు ఉంటున్నాం. ఇద్దరికీ కలిపి చేతికి నెలకు 1.15 లక్షలు వస్తుంది. కొల్లూరు దగ్గర ఒక ప్రీలాంచ్ ఫ్లాట్ మొత్తం డబ్బు ఇప్పుడే కడితే 45 లక్షలకే ఇస్తామంటున్నారు. లాంచ్ అయ్యాక 75 లక్షలట. పొదుపు 22 లక్షలు, గోల్డ్ లోన్ 10, పర్సనల్ లోన్ 13 కలిపి కట్టేద్దామా? టోకెన్‌గా ఇప్పటికే 2 లక్షలు ఇచ్చాం.

జవాబు: వద్దండీ. ముందు నెల ఖర్చు చూడండి. 13 లక్షల పర్సనల్ లోన్‌కి 13 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు 29,600. గోల్డ్ లోన్ వడ్డీ ఇంకో ఎనిమిది వేలు. పైన అద్దె. నెలకు 60 వేలు పోతాయి, ఇల్లేమో కాగితం మీదే ఉంటుంది. పొదుపులో రూపాయి మిగలదు.

అసలు హోమ్ లోన్ వదిలేసి పర్సనల్ లోన్ దాకా ఎందుకు వెళ్లాల్సి వస్తోంది? ప్రీలాంచ్ అంటే అనుమతులు రాకముందే అమ్మడం. అలాంటి ప్రాజెక్టుకి బ్యాంకు అప్పివ్వదు కాబట్టి. బ్యాంకు ఇవ్వని అప్పు బిల్డర్‌కి మీరు ఇస్తున్నారు, అదీ తాకట్టు లేకుండా. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లు దాటినా గానీ, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు లేకుండా బుకింగ్ తీసుకోకూడదు. నమోదయ్యాక కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీ దగ్గర వంద శాతం అడుగుతున్నారు! యూడీఎస్ రిజిస్టర్ చేస్తామంటారేమో. యూడీఎస్ అంటే నేలలో విడదీయని వాటా. మీ పేరున వచ్చేది అదే, ఫ్లాట్ కాదు.

'ఇప్పుడు కొనకపోతే ఇక దొరకదు' అన్న మాటకి భయపడకండి. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టొచ్చన్న లెక్క) పరిమితి లేదు. రోడ్డు వెడల్పును బట్టి ఎత్తుకు అనుమతి వస్తుంది. పడమటి వైపు టవర్లు అలా లేస్తూ ఉండటానికి అదో కారణం. ఫ్లాట్లకు కొరత రాదు. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ (దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా) మాత్రం తప్పకుండా చూసుకోవాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఆ కూల్చివేతలు టీవీలో మీరూ చూసే ఉంటారు.

నేనైతే బీరంగూడ, నిజాంపేట వైపు ఓసీ (కట్టడం పూర్తయి ఉండటానికి పనికొస్తుందని ఇచ్చే పత్రం) ఉన్న పాత ఫ్లాట్లు చూస్తాను. 55 లక్షల్లో దొరికితే 80 శాతం, అంటే 44 లక్షలు బ్యాంకు ఇవ్వొచ్చు. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ 38 వేల పైచిలుకు. జీఎస్టీ ఉండదు, అద్దె ఆగిపోతుంది. మీ వాటా 11 లక్షలు, రిజిస్ట్రేషన్‌కి నాలుగు లక్షల పైన. టోకెన్ రాకపోయినా దాదాపు ఐదు లక్షలు మిగులుతాయి. అవి ఎఫ్‌డీలో ఉంచండి, ఇంటీరియర్స్‌కి తీయకండి.

టోకెన్ వెనక్కివ్వమని ఫోన్‌లో కాదు, రాతపూర్వకంగా అడగండి. రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు దాచుకోండి. ఇవ్వకపోతే తెలంగాణ రెరాలో ఫిర్యాదు చేయండి.